పాపక్క వంతు

కుప్పంలో పాపక్క చనిపోయిందని మదనపల్లెలో ఉన్న చేతన్‌కు ఫోన్ చేసి చెప్పాల్సిన అవసరం దేవరాజులుకు లేదు. ఆమె వాళ్లిద్దరిలో ఎవరికీ చుట్టం కాదు. అయినా చేశాడు.

"సేతనప్పా, పాపక్క పోయి వారమైందప్పా. రెండు నెల్లుగా పట్టీలో ఆయమ్మ పేరు అడుగునే ఉండాది. ఆయమ్మ పైన చిన్నప్ప, ఆయప్పదీ అదే కత. ముందు నీ మిషన్ అందర్నీ తిప్పుతాండె గదా, ఇప్పుడు యాల తిప్పలా?"

"ఆమె పేరు తీసేశారా?"

"దినాలు కాకుండా ఎట్ల తీస్తామప్పా, మంచిది కాదు."

దేవరాజులు ఒక ట్రస్టు నడిపే డయాలసిస్ కేంద్రంలో గుమాస్తా. అక్కడ రోగికి వారానికి ఒక్క విడతే ఖాయం. ఎవరైనా రాకపోతే, ఖాళీ అయిన మంచం ఇంకొకరికి రెండో విడతగా దక్కుతుంది. అది ఎవరికో కంప్యూటర్ పట్టీ వేసి, పై పేరుకు తనే మెసేజ్ పంపుతుంది. జబ్బు ముదిరినవాళ్లు ముందు. అక్కడ అందరిదీ ఇంచుమించు ఒకే దశ, కానీ జబ్బు సమానమైతే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. ఆ పట్టీ వేసే కోడ్ లైబ్రరీ పేరు 'వరస'. దాన్ని రాసిన పురుషోత్తం ఉద్యోగం మానేశాక అది చేతన్ నెత్తిన పడింది.

రెండు నెలల కిందట సర్వర్‌లో 'వరస' నడిచే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష ఏడో వెర్షన్ పోయి ఎనిమిదోది వచ్చింది. చేతన్ 'వరస'ను దానికి తగ్గట్టు సర్దాడు. పాత వెర్షన్ పేర్లు పదహారు దాటితే సమానంగా ఉన్నవాళ్లను అటూ ఇటూ చేసేసేది. కొత్తది అలా చేయదు, ముందు చేరినవాళ్లను ఎప్పటికీ ముందే ఉంచుతుంది. ఆ సంగతి కొత్త వెర్షన్ నోట్స్‌లో చదివి మెచ్చుకున్నాడు కూడా, పద్ధతంటే ఇలా ఉండాలని.

ఫోన్ పెట్టేసి కోడ్ తెరిచాడు. కోడ్ తప్పు చేస్తోందేమో చూసే టెస్టుల్లో నలభై ఒకటి పచ్చగా, అంటే సరిగ్గా, ఉన్నాయి. నలభై రెండోది బూడిద రంగులో ఉంది, దాన్ని దాటెయ్యమని రాసింది తనే. నెల రోజుల పట్టీలు వేసి, ఒక్కసారైనా పైకి రాని పేరుంటే తప్పని చెప్పే టెస్టు అది. దాని మీద పురుషోత్తం ఒక ముక్క రాసిపెట్టాడు: 'ఇది దానంతట అదే తిరుగుతోంది. తిరగడం ఆగిన రోజు ఎవరో ఒకరు ఊరికే ఎదురుచూస్తూ ఉండిపోతారు.'

కొత్త వెర్షన్ వచ్చిన రోజు ఆ టెస్టు తప్పని చెబుతూ ఎర్రబడింది. శుక్రవారం సాయంత్రం, పుంగనూరులో స్నేహితుడి నిశ్చితార్థానికి పోయే తొందర. టెస్టుకే తిక్క అనుకున్నాడు మహానుభావుడు. దాటెయ్యమని ఒక్క మాట రాసి బండెక్కాడు.

పాపక్క పేరు ఎక్కించింది కూడా అతనే. మూడు నెలల కిందట కుప్పం వెళ్లి, దేవరాజులుకు పని నేర్పుతూ, ఎదురుగా కూర్చున్న ఆమె పేరే కొట్టాడు. ఊదారంగు చీర, ఒళ్లో టిఫిన్ క్యారియర్. "నా పేరు నీ మిషన్‌కు గ్యాపకం ఉంటాదా నాయనా?" అని అడిగింది. "మిషన్ మరిచిపోదమ్మా," అని నవ్వాడు.

ఆ మాట ఇప్పుడు అతన్ని పట్టుకుంది. ఏ జాబితా తెరిచినా కళ్లు ముందు అడుగుకే పోతున్నాయి. మెస్‌లో చివరి కుర్చీ వైపు చూడలేకపోయాడు. బజారులో ఊదారంగు చీర కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయాడు.

మూడు రోజులు కూర్చుని సరిచేశాడు. జబ్బు సమానమైతే, రెండో విడత దక్కి ఎవరికి ఎక్కువ కాలమైందో వాళ్లే ముందు. నలభై రెండో టెస్టు పచ్చబడింది. నాలుగో రోజు కుప్పం బస్సెక్కాడు.

పుంగనూరులో బస్సు ఆగింది. దిగిపోదామా అనిపించింది. కోడ్ ఫోన్‌లో చెప్పి పెట్టించొచ్చు. వెర్షన్ మారింది, అందుకే ఇలా అయిందని ఒక్క మాట అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. కండక్టర్ రైట్ అనేదాకా సీటు అంచు మీదే కూర్చున్నాడు.

తీరా కుప్పం చేరాక ఆ మాటే అన్నాడు పిరికివాడు.

"అట్లనా. వెర్షన్ మారితే నువ్వేం చేస్తావులేప్పా," అన్నాడు దేవరాజులు. ఆ ఓదార్పు చేతన్‌కు చెంపదెబ్బలా తగిలింది.

కొత్త కోడ్ ఎక్కించి, ఆ రోజు ఖాళీ అయిన మంచానికి పట్టీ వేశాడు. అన్నిటికన్నా పైన పాపక్క పేరు వచ్చింది. రెండో విడత దక్కి అందరికన్నా ఎక్కువ కాలమైంది ఆమెకే మరి. చేతన్ తేరుకునే లోపే మెసేజ్ వెళ్లిపోయింది.

అయిదు నిమిషాలకు దేవరాజులు ఫోన్ మోగింది. పాపక్క కూతురు అనిత. స్పీకర్‌లో వెనక ఇంటినిండా జనం మాటలు వినిపిస్తున్నాయి.

"ఏందన్నా ఇది? ఈపొద్దు మాయమ్మ దినం. కూడు పెట్టి ఇప్పుడే ఇంటికొస్తిమి. నీ వంతు వచ్చింది, బిన్నా రమ్మని ఆయమ్మ ఫోనుకు మెసేజి వచ్చిండాది."

చేతన్ ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, నా పేరు చేతన్. ఆ వంతు రెండు నెలల ముందే రావాల్సింది. తప్పు జరుగుతోందని కంప్యూటర్ చెప్పింది. నేనే దాని నోరు మూశాను."

అనిత ఫోన్ పట్టుకుని బయటికి నడిచినట్టుంది, జనం మాటలు దూరమయ్యాయి.

"మిషన్ మరిచిపోదని చెప్పినోడివి నువ్వేనా?" అంది అనిత. "దినామూ పొద్దున్నే ఫోను ఒళ్లో పెట్టుకోని కూర్చుంటాండె మాయమ్మ. పోయి అడుగుదాం పామ్మా అంటే, ఆ పిల్లోడు చెప్పినాడు, మరిచిపోదంట, అడిగితే బాగుండదు అంటాండె."

అనిత ఫోన్ పెట్టేసింది. లోపల మంచం ఖాళీగానే ఉంది. పై పేరు తీస్తే తప్ప రెండో పేరుకు మెసేజ్ పోదు. రెండో పేరు చిన్నప్పది.

దేవరాజులు కీబోర్డును చేతన్ ముందుకు జరిపాడు. "దినం అయిపోయింది. నువ్వు ఎక్కించిన పేరే, నువ్వే తియ్యి."

పాపక్కను తీసెయ్యమంటారా అని తెర అడిగింది. ఆ ప్రశ్న రాసిందీ చేతనే. అవునని నొక్కాడు. చిన్నప్పకు మెసేజ్ వెళ్లింది.