నలభయ్యో రోజు ఉప్పు

నలభై రోజుల ఉపవాసంలో నేను ఒక్క రోజు కూడా తప్పలేదు. శనివారం మధ్యాహ్నం రెండున్నర దాకా ఆ మాట నిజమనే నమ్మాను.

మా హోసూరు మందిరంలో ఈస్టరుకు ముందు నలభై రోజులు, ఆదివారాలు మినహా, పొద్దున లేచినప్పటి నుంచి సాయంత్రం ఆరు దాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టం. బలవంతమేమీ లేదు, ఇష్టమున్నవాళ్ళు ఉంటారు. నాకు ఇష్టం కొంచెం ఎక్కువ. రోజూ ఆరింటికి వంటింటి క్యాలెండరులో ఆకుపచ్చ టిక్కు పెట్టేదాన్ని. టిక్కులన్నీ ఒకే ఎత్తులో, ఒకే వాలులో ఉండేవి. ఒకరోజు మా ఆయన అనంతకుమార్ ఒక గడిలో పెన్సిలుతో ఎవరిదో ఫోను నంబరు రాసుకుంటే, దాన్ని చెరిపి వేరే కాగితం మీద రాసిచ్చాను.

చివరి రోజు కూడికలో స్త్రీలు సాక్ష్యం చెబుతారు. ఈ ఏడు స్త్రీల సమాజానికి కార్యదర్శిని నేను. అందుకని ఒక చిన్న నియమం పెట్టాను. నలభై రోజులూ పూర్తి చేసినవాళ్ళే ముందు వరుసలో కూర్చోవాలి, వాళ్ళే సాక్ష్యం చెప్పాలి. సమయం కలిసొస్తుందని పైకి చెప్పాను. అసలు కారణం సుబ్బక్క.

సుబ్బక్కది జవళగిరి. ఒకప్పుడు మేకలు కాసేది, ఇప్పుడు గులాబీలు పెంచే పాలీహౌసులో కూలికి పోతోంది. షుగరుంది. ఉపవాసం మూడో రోజున మందిరం మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోతే, పాస్టరు ఉదయ్ కుమార్ అయ్యగారు ఇక వద్దని గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి ప్రార్థన మధ్యలో పదకొండింటికి సంచిలోంచి బన్ను తీసి, కవరు గలగలలాడిస్తూ అందరి ముందూ తినేది. "నాకు యేసప్పా ఉండాడు, బన్నూ ఉండాది," అని నవ్వేది. సాక్ష్యానికి లేచిందంటే తప్పిపోయిన మేకతో మొదలుపెట్టి ఇరవై నిమిషాలు. ఏటేటా అదే మేక.

నా నియమం చదివిన రోజు ఆమె ముఖం చిన్నబోయింది.

"అయితే ఈతూరి నేను చెప్పకూడదామ్మా?" అంది.

"నియమం అందరికీ ఒకటే సుబ్బక్కా," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎంత మెత్తగా ఉందో చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఆ శనివారం మందిరం పెరట్లో ఎనభై మందికి రాగి సంగటి, ఉలవల సారు వండుతున్నాం. సారు నా చేతిది. సుబ్బక్క గోడవార కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. కాలేజీలో రెండో ఏడు చదివే మా అమ్మాయి చైత్ర కొత్తిమీర తరుగుతోంది. సారు పొంగింది. గరిటెతో కొంచెం తీసి, అరచేతిలో వేసుకుని, ఊది, నాకాను.

"ఉప్పు సరిపొయ్యిందామ్మా?" అంది సుబ్బక్క తల ఎత్తకుండానే.

"ఇంకొంచెం పడాల," అన్నాను.

పిడికెడు ఉప్పు వేసి, చెయ్యి దులుపుకుని, అప్పుడు అరచేతిని చూసుకున్నాను. తడిగా ఉంది.

"అయ్యో దేవుడా!"

"ఏమైందమ్మా, కాలిందా?"

"నా ఉపవాసం పోయింది సుబ్బక్కా! ఇంక మూడున్నర గంటలే ఉండింది!"

చైత్ర కత్తి ఆపి నన్ను వింతగా చూసింది. "ఏంది మా, ఇప్పుడా పోయింది? నువ్వు దినామూ నాకుతానే ఉండావు కదా."

"ఎవరు?"

"నువ్వే. రుచి చూసేది లెక్కలోకి రాదేమో అని నేను ఊరికే ఉండిపోయినాను."

"అబద్ధాలు చెప్పొద్దే."

"సరే, నువ్వే చెప్పు. ఈ నలభై దినాల్లో నాయన ఒక్క పొద్దయినా ఉప్పు అడిగినాడా?"

అడగలేదు. ఒక్క పూట చప్పగా లేదు, ఒక్క పూట ఉప్పగా లేదు. చింతపండు పులుపు కూడా ఎక్కడా తేడా రాలేదు. అది నా చేతి గొప్పతనమని నలభై రోజులూ మురిసిపోయాను. చేతికి రుచి ఎలా తెలుస్తుందని ఒక్కసారైనా అనుకోలేదు. వంటింట్లో ఒకే వాలులో నిలబడి ఉన్న ఆ ఆకుపచ్చ టిక్కులు కళ్ళ ముందు మెదిలాయి. ఏదో తన్నుకొచ్చింది. ఏడుపేమో అనుకుని కొంగు అడ్డం పెట్టుకున్నాను. తీరా చూస్తే నవ్వు. ఆపుదామంటే ఆగదు. నన్ను చూసి సుబ్బక్క, సుబ్బక్కను చూసి చైత్ర. సుబ్బక్క ఒడిలోని వెల్లుల్లి పెరడంతా దొర్లిపోయింది.

"నేను మూడో దినమే పడిపోయినానమ్మా," అంది సుబ్బక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక నా చేత కాదప్పా, నువ్వే చూసుకో అని ఆ పొద్దే ఆయన్ని పట్టుకొన్నాను. నీకు నలభై దినాలు పట్టింది, అంతే కదా. ఇంద, బన్ను సగం తిను."

"వద్దులే, ఆరింటికి తింటా," అన్నాను.

చైత్ర నవ్వలేక నేల మీద కూలబడింది. ఈ గొడవలో సారులో ఉప్పు వేశానో లేదో మర్చిపోయాను. ఇంకో పిడికెడు వేశాను. మళ్ళీ రుచి చూడ్డానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

అయిదింటికి కూడిక మొదలైంది. తెల్ల చీరల్లో ముందు వరుసలో అయిదుగురం. నవ్వు దిగిపోయి భయం మొదలైంది. సుబ్బక్క చెప్పదు, చైత్రా చెప్పదు. ప్రభువు కృప వల్ల అని రెండు మాటలు చెప్పి కూర్చుంటే ఎవరికీ తెలియదు. నియమం అలాగే ఉంటుంది, సుబ్బక్క వెనకే ఉంటుంది. తల తిప్పి చూశాను. ఆమె చివరి చాప మీద కూర్చుని, నాకేమవుతుందోనని నాకంటే ఎక్కువ కంగారుపడుతోంది.

"మొదట మన మధుమితమ్మ," అన్నారు అయ్యగారు.

లేచాను. "నేను సారు రుచి చూసినాను అయ్యగారూ."

"ఎప్పుడమ్మా?"

"నలభై దినాలూ."

అంతలో నా పక్కనున్న కాళమ్మ మెల్లగా లేచి, చీర సర్దుకుని, వెనక వరుసకు నడిచింది. "యాడికి కాళమ్మా?" అని నేనంటే, "మనవడికి తినిపించినప్పుడు మిగిలిన ముద్ద యాడ పారేసేదమ్మా? నోట్లోనే ఏసుకొన్నాను," అంది. మందిరమంతా గొల్లుమంది.

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నలభై దినాలు నేను చెప్పింది ఇదే కదమ్మా. దేవుని ముందు నిలబడే నీతిని మనం సంపాదించలేం, ఆయన ఇస్తే నమ్మి తీసుకోవాల్సిందే అని. వినలేదా?"

"వినలేదు అయ్యగారూ. ఆకలిగా ఉండింది."

ఈసారి ఆయన కూడా ఆపుకోలేకపోయారు. నవ్వులు తగ్గాక, నేను పెట్టిన నియమాన్ని నేనే తీసేస్తున్నానని చెప్పి, వెనక్కి వెళ్ళి సుబ్బక్కను చెయ్యి పట్టుకుని తెచ్చాను. "నీ మీద కోపంతోనే పెట్టినాను సుబ్బక్కా, మన్నించు," అన్నాను. "నాకు తెలుసులేమ్మా," అని, గొంతు సవరించుకుని మేక కథ మొదలుపెట్టింది.

ఇన్నేళ్ళలో ఆ కథ చివరిదాకా విన్నది ఆ రోజే. మేక ముళ్ళ పొదలో ఇరుక్కుందట. "అదేం జేసింది? మ్యా అని అరిచింది, అంతే. మోసుకొచ్చింది నేను," అని సుబ్బక్క ఆగింది. నేను గడియారం చూడలేదు. ఇరవై అయిదు నిమిషాలైందని తర్వాత చైత్ర చెప్పింది.

ఆరు దాటాక వరుసగా కూర్చుని విస్తళ్ళు పరిచాం. సుబ్బక్క సంగటి తుంచి, సారులో అద్ది, నోట్లో పెట్టుకుని, నా వైపు చూసింది.

"ఏమి సుబ్బక్కా?"

"ఉప్పు, మా," అంది. "నోట్లో పెట్టేదానికి లేదు."

నలభై రోజుల్లో చివరి ఉప్పు వేశాక నేను రుచి చూడకుండా దించిన సారు అదొక్కటే. నవ్వుతూ లేచి, అందరి విస్తళ్ళలోనూ మజ్జిగ పోసుకుంటూ వెళ్ళాను.