ఎవరి బిళ్ళ వాళ్లే

“గా రెండో బిళ్ళ ఎవనిది?”

లాంపు రూము కిటికీలోంచి లోపలికి చాచిన సదయ్య అరచేతిలో రెండు ఇత్తడి బిళ్ళలున్నాయి. ఎడ్వర్డు ఒకదాన్ని తీసుకుని, రెండోదాన్ని చూపుడువేలితో వెనక్కి నెట్టాడు.

“రఘుపతిది కాక. గేటు కాడ చాయ తాగుతుండు, నాతోని పంపిండు. ఇద్దరి లాంపులు ఇయ్యరాదా, జల్ది దిగుతం.”

“వాని చాయ నువ్వు తాగుతున్నవా? లేదు గద. మరి వాని బిళ్ళ నువ్వెట్ల ఇస్తవు?”

వరుసలో వెనకనున్నవాళ్లు నవ్వారు. “ఆ ముసలాయన కాడ నీ ఏశాలు నడువయి సదన్నా,” అన్నారెవరో. సదయ్య తన దీపం టోపీకి తగిలించుకుని, గొణుక్కుంటూనే గేటు వైపు పోయి రఘుపతిని కేకేశాడు.

పొద్దున ఆరున్నర. బొగ్గు గని మొగదల ఆ ఇరుకు గదిలో బ్యాటరీల వేడి, తలనూనె వాసన కలిసి ఉక్కగా ఉంది. గోడ పొడవునా చార్జింగుకు పెట్టిన దీపాలు. దిగేవాడు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు, ఎక్కి వచ్చినవాడు దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. కంప్యూటరు వచ్చి పదేళ్లు దాటినా ఆ బోర్డును మాత్రం ఎడ్వర్డు తియ్యనివ్వలేదు.

బోర్డు చివరి కొక్కేనికి 417 బిళ్ళ ఉంది. అది ఎడ్వర్డుదే. పైన పనిచేసేవాళ్లకు బిళ్ళ అక్కరలేదు. అయినా ముప్పై ఎనిమిదేళ్లుగా డ్యూటీ ఎక్కగానే తగిలిస్తాడు, దిగేటప్పుడు తీసి జేబులో వేసుకుంటాడు. అంతకుముందు అది అతని తండ్రి సామ్యేల్ బిళ్ళ.

పొట్టి మనిషి ఎడ్వర్డు. మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, ఇస్త్రీ నలగని చొక్కా. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలుంది. ఈ పొద్దు లేచినప్పటి నుంచీ ఎడమ భుజం పట్టేసినట్టుంటే రుద్దుకుంటూనే ఉన్నాడు.

“దవాఖానకు పోరాదా కాక,” అంది పక్క కుర్చీలోని జమున. తండ్రి ఉద్యోగం ఆమెకొచ్చి రెండేళ్లయింది.

“ఇయ్యాల తీరది బిడ్డా. ఒంటిగంటకు మీటింగున్నది.”

“మల్ల గా దొరల మీటింగేనా? పైస ఇయ్యరు, పాడు ఇయ్యరు.”

“దొరలు కాదే. అందరు నా అసొంటోళ్లే. ఎవరి డ్యూటీ వాళ్లు చేసుకుంట, సందు దొరికినప్పుడు రాస్తరు.”

ఆ మీటింగు వందలాది కంప్యూటర్లను ఒక్కటిగా కలిపి నడిపే ఒక సాఫ్ట్‌వేర్ గురించి. దానికి యజమాని లేడు. ఏ దేశంవాడైనా రాయొచ్చు, ఎవడైనా వాడుకోవచ్చు. ఎక్కడో దవాఖాన చీటీలు, ఎక్కడో బస్సు టికెట్లు దాని మీద నడుస్తుంటాయి. కూతురు సారిక ఇంజనీరింగు చదివేటప్పుడు ఇంట్లో ఆ పని పెట్టుకుంటే, పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ ఎడ్వర్డు అందులో పడ్డాడు. ముందు తెలుగు మాటలు సర్దాడు, తర్వాత చిన్న చిన్న తప్పులు దిద్దాడు. ఇప్పుడు సారిక మంచిర్యాలలో పాఠాలు చెప్పుకుంటోంది. తండ్రి మాత్రం ఆ పని వదల్లేదు.

ఆరు నెలలకోసారి వాళ్లంతా ఫోన్ల ముందు కూర్చుని, రాబోయే రోజుల్లో దానికి ఏమేం కొత్తవి చేర్చాలో తేలుస్తారు. ఎడ్వర్డు అడిగేది ఒక్కటే. మరమ్మతుకు ఒక కంప్యూటరును ఆపాలంటే, దాని మీద నడుస్తున్న పనులన్నీ ముందు ఖాళీ చేసిపోవాలి. ఏదైనా పని నుంచి పది నిమిషాలు జవాబు రాకపోతే, ‘వెళ్లిపోయే ఉంటుంది’ అనుకుని ఆ సాఫ్ట్‌వేర్ కరెంటు తీసేస్తుంది. అలా అనుకోకూడదు, ప్రతి పనికీ ఒక బిళ్ళ ఉండాలి, అది తానే వచ్చి తీసుకుపోవాలి అన్నాడు ఎడ్వర్డు. మూడుసార్లు పక్కన పెట్టారు. ఈసారీ కాదంటే అతని ప్రతిపాదనను ఇక మూసేస్తామని ముందే రాశారు.

ఒంటిగంటకు ఫోనును దీపాల అర మీద నిలబెట్టాడు. జమున సద్దిగిన్నె మూత చప్పుడు కాకుండా తీసింది. తెరమీద పదకొండు ముఖాలు. సభ నడిపే మార్తా పోలండు అమ్మాయి. ఎడ్వర్డు వంతు రాగానే హెండ్రిక్ అనే అతను చెయ్యి ఎత్తాడు. ముందు మూడుసార్లూ అడ్డం చెప్పింది అతనే.

ఈసారి హెండ్రిక్ మెత్తగానే మాట్లాడాడు. బిళ్ళ ఆలోచన మంచిదే, ఒప్పుకుంటానన్నాడు. చిన్న సవరణ చాలట. ఒక పని జవాబు ఇవ్వకపోతే, దాని పక్కనే నడిచే ఇంకో పని దాని తరఫున ‘అయిపోయింది’ అని చెప్పొచ్చు. అప్పుడు ఎవరూ ఆగనక్కరలేదు. తెరమీద తలలు ఊగాయి. ఇది మీకు సమ్మతమేనా అని మార్తా అడిగింది.

ఊఁ అంటే చాలు. రెండేళ్ల పని గట్టెక్కుతుంది, పేరు నిలుస్తుంది. ఎడ్వర్డు భుజం మీది చెయ్యి తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“నో,” అన్నాడు.

తర్వాత ముక్కలు ముక్కల ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. మా నాయన గనిలో దిగేవాడు. ఆయన దోస్తు ముత్యం. ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లు. ఒకరోజు షిఫ్టు అయిపోయాక నాయన కనబడకపోతే, ముందే ఎక్కి ఇంటికి పోయాడనుకున్నాడు ముత్యం. ఆయన దీపం ఆయనే ఇచ్చిపోయాడని కిటికీ దగ్గర చెప్పి, తన బిళ్ళతో పాటు నాయన బిళ్ళనూ తీసుకున్నాడు. నాయన మరచిపోయినట్టున్నాడు, ఇంటికాడ ఇద్దాం అనుకున్నాడు. ప్రేమతోనే చేశాడు. బోర్డు ఖాళీ అయింది. లెక్క సరిపోయింది. పొద్దుగూకినాక ముత్యం బిళ్ళ పట్టుకుని మా ఇంటికొచ్చి సామ్యేలేడి అన్నాడు. అప్పుడు వెతికారు. నాయన కాలు మీద బండ పడి ఉంది. ఒక గంట ముందొస్తే బతికేవాడన్నారు. ముత్యం ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు గానీ, బిళ్ళ తీసుకున్న ఆ కుడిచేత్తో మా ఇంట్లో ఒక్క మెతుకు తినలేదు.

తెరమీద ఒకరి వెనకాల కుక్క మొరిగింది.

“అయితే జవాబు రాకపోతే ఏం చేద్దాం?” అని హెండ్రిక్ అడిగాడు.

“తెలియదు అని రాయండి. అయిపోయిందని రాయొద్దు. ఒక మనిషిని పిలవండి, పోయి చూస్తాడు.”

మార్తా ఆ మాటలే కాగితం మీదికి ఎక్కించింది. సాఫ్ట్‌వేర్ తర్వాతి విడుదలలో చేర్చాల్సిన వాటిలో అది నాలుగోది. ‘ఎవరు చేస్తారు’ అన్న చోట ఎడ్వర్డు పేరు పడింది. దాని పక్కన, అడగకుండానే, హెండ్రిక్ తన పేరు రాసుకున్నాడు.

“ఏమైంది కాక? గెలిసినమా?” జమున ముద్ద చేతిలోనే పట్టుకుని ఉంది.

“మనోళ్లే గెలిసిన్రు,” అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

మూడింటికి షిఫ్టు పైకి వచ్చింది. నల్లటి ముఖాలు, తెల్లటి పళ్లు. సదయ్య తన బిళ్ళ తాను తీసుకుని, “రఘుపతి గాడు ఎనుక వస్తుండు, వాని పంచాది నాకొద్దు,” అన్నాడు. ఎడ్వర్డు పకపకా నవ్వాడు. అంతగా నవ్వడం సదయ్య ఎన్నడూ చూడలేదు.

ప్రతి శనివారం లాగే డ్యూటీ దిగి ఎడ్వర్డు కూతురి దగ్గరికి బయలుదేరాడు. ఫోన్లో చెప్పకుండా ఎదురుగానే చెప్పాలని ఆత్రంగా బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. పావుగంటకు ఫోను మోగింది.

“కాక, బోర్డు మీద ఒక బిళ్ళ ఉన్నది,” జమున గొంతులో నవ్వు ఆగడం లేదు. “గా మనిషి ఇంక గని బాయిల్నే ఉన్నట్టున్నడు. నాలుగు వందల పదిహేడు.”

ఎడ్వర్డు చెయ్యి జేబు మీదికి పోయింది. ఖాళీ.

“అయ్యో! ముప్పై ఎనిమిదేండ్లల్ల ఒక్కనాడు మరువలే.”

“నేను తీసి డ్రాల పెట్టాల్నా?”

“తియ్యకు. సోమవారం పొద్దుగాల్ల నేనే వచ్చి తీస్త.”

“నాకెరుకనే. ఊకె అడిగిన.”

బస్సు గోదావరి వంతెన ఎక్కింది. చల్లటి గాలి కొట్టింది. ఎడ్వర్డు భుజం రుద్దుకుని, కిటికీ ఊచకు తల ఆనించాడు. మంచిర్యాల బస్టాండులో అందరూ దిగిపోయాక కండక్టరు సీట్ల మధ్య నడుచుకుంటూ వచ్చి, “పెద్దాయనా, దిగాలె,” అన్నాడు. దగ్గరికి వచ్చి మళ్లీ అన్నాడు. తర్వాత టికెట్ల సంచి సీటు మీద పెట్టి, అతని ముంజేయి పట్టుకుని చూశాడు.

మట్టి ఇవ్వడం ఆదివారమే అయిపోయింది. సోమవారం పొద్దున గని మేనేజరు లింగమూర్తి సారు లాంపు రూముకు వచ్చి, బోర్డు వైపు చూసి, “ఆ బిళ్ళ తియ్యమ్మా,” అన్నాడు.

జమున లేవలేదు. “ఆయననే వచ్చి తీస్తనన్నడు సార్,” అంది.

సారు వెనుదిరిగి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి మిగతా కొక్కేలన్నీ ఖాళీ అయ్యాయి. గని ఫ్యాను తిరుగుతుంటే గోడ సన్నగా అదిరింది. చివరి కొక్కేనికి 417, వేలి రాపిడికి ఒక అంచు అరిగిపోయిన ఇత్తడి బిళ్ళ, చెక్కకు తగిలి టక్కు టక్కుమంటోంది.