మూడో పిలుపు

పురపాలక సంఘం కార్యదర్శిని ఆఫీసులో అందరూ చాటుగా రూళ్లకర్ర అనేవాళ్లు. వంకర పోడు, ఎవరి కోసమూ వంగడు. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. అలాంటి మనిషికి, వాన వెలిసిన ఆ ఉదయం, ఒక వీధి మొగలో నిలబడి మూడు కేకలు వేసి రావడానికి కాళ్లు ఆడలేదు.

సంగతేమిటంటే, పోయిన వానాకాలంలో కొండచరియ విరిగి దాని కిందున్న ఆ వీధి మీద పడింది. అందరూ పరుగెత్తి బయటపడ్డారు, కార్యదర్శి బావ ఒక్కడు తప్ప.

ఆ వీధిలో నాలుగో ఇల్లు బావది. అక్కడే కూర్చుని కళ్లజోళ్లు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత మర బిగిస్తున్నాడంటే లోకం తలకిందులైనా తల ఎత్తడు. మొదటి పిలుపు చెవికెక్కదు. రెండోది ఎక్కినా పలకడు. మూడోదానికి మాత్రం, కాస్త విసుగ్గా, "ఆఁ, వస్తున్నా వస్తున్నా" అనేవాడు. "మీ బావతో పనంటే ముందు రెండు పిలుపులూ గోడకి చెప్పుకోవాలిరా" అని అక్క నవ్వేది. కొండ కదిలిన రోజున కూడా అక్క వీధిలోంచి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలిచే వ్యవధి లేకపోయింది.

మనిషి దొరకలేదు. అక్కని తమ్ముడు తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఏడిస్తే గుండె బరువు దిగుతుందని అందరూ చెప్పారు. ఆవిడ ఏడవదే! "ఏడవడానికేముంది? మూడోసారి పిలవలేదుగా, అందుకని రాలేదు" అంటుంది. వీధి తలుపుకి గడియ పెట్టనివ్వదు, వచ్చిన మనిషి బయట నిలబడాల్సి వస్తుందని. ఆ తలుపు గాలికి కిర్రుమన్నప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడేవాళ్లు. అక్క మాత్రం లేచి తొంగిచూసి, "గాలి" అని మళ్లీ కూర్చునేది.

పట్టణంలో ఏ వీధి మీద మట్టి పడ్డా ఎత్తిపోయించాల్సిన బాధ్యత చట్టప్రకారం సంఘానిదే. అంత మట్టి తవ్వించాలంటే ఖజానా గుల్లయిపోతుంది. అందుకని ఛైర్మన్ గారికి ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. వీధిని వీధి కాకుండా చేసేస్తే? వీధే లేకపోతే బాధ్యతా లేదు. మట్టి ఎత్తక్కర్లేదు, మట్టి కింద మనిషిని వెతకక్కర్లేదు. చట్టంలో దానికీ ఒక పద్ధతి ఉంది, ఎందుకు లేకపోతుంది! కార్యదర్శి వీధి మొగలో నిలబడి, ఆక్షేపణ ఉన్నవాళ్లు చెప్పండని మూడుసార్లు కేకవెయ్యాలి. ఆ వీధిలో నివాసం ఉన్నవాళ్లే పలకాలి. పలికారా లేదా అన్నదానికి పిలిచినవాడి మాటే సాక్ష్యం. ఎవరూ పలకకపోతే వీధి రద్దు.

నివాసులెక్కడున్నారు మరి? బయటపడిన వాళ్లందరికీ సాయం త్వరగా అందాలని, కార్యదర్శే దగ్గరుండి కొత్త చిరునామాలు రాయించాడు. అక్క చిరునామా అందరికంటే ముందు మార్పించాడు. మంచికే చేశాడు, పాపం. తీరా చూసుకుంటే కాదనే హక్కున్న మనిషి ఒక్కరూ మిగల్లేదు. అక్క నోటికి తన చేత్తోనే తాళం వేశానని తెలిసిన రోజు నుంచీ ఆయనకి ముద్ద దిగడం లేదు.

బయల్దేరుతుంటే అక్క చెప్పులేసుకుంది.

"నువ్వెందుకక్కా? అక్కడ నీకు మాట్లాడే హక్కు లేదు."

"మాట్లాడనురా. మూడుసార్లూ పిలుస్తావుగా? వింటాను."

వీధి మొగలో తాడు కట్టి ఉంది. తాడు అవతల ఎర్రమట్టి, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక కిటికీ చువ్వ. ఇంజనీరు గొడుగు మడుస్తున్నాడు. ఛైర్మన్ కారు దిగలేదు, బూట్లకి మట్టంటుతుందని. అక్క తాడు పట్టుకుని నిలబడింది.

కార్యదర్శి గొంతు సవరించుకుని పిలిచాడు. "ఈ వీధి రద్దుకి ఆక్షేపణ ఉన్నవాళ్లు చెప్పండి!"

మట్టి కింద ఎక్కడో నీళ్లు జారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోసారి పిలిచాడు. ఆ చప్పుడు కూడా ఆగింది.

మూడోసారి నోరు పెగల్లేదు. ఇప్పుడు పిలిస్తే తనే బావని పూడ్చిపెట్టినట్టు. పిలవకపోతే ఇంకొకడు వచ్చి పిలుస్తాడు.

"కానివ్వవయ్యా!" అన్నాడు ఛైర్మన్ కారులోంచి.

"పిలవరా," అంది అక్క మెల్లగా. "ఆ రోజు నేను పిలవలేకపోయాను. నువ్వు పిలువు."

పిలిచాడు.

"ఆఁ, వస్తున్నా వస్తున్నా."

కిటికీ చువ్వ పక్క నుంచి, కాస్త విసుగ్గా, అచ్చం పనిలో ఉన్న మనిషిలాగే. కార్యదర్శి చప్పున అక్క వైపు తిరిగాడు. ఆవిడ తాడు వదిలేసి బురదలో కూలబడి ఉంది.

"పలకలేదురా," అంటోంది. "మూడోసారి కూడా పలకలేదు. అయితే పోయాడురా తమ్ముడూ! మీ బావ నిజంగానే పోయాడు!"

కొండ విరిగిన నాటి నుంచి లోపల గడ్డకట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. బావురుమని ఏడ్చింది.

"సరే, ఎవరూ పలకలేదు. పదండి," అన్నాడు ఇంజనీరు, తలొంచుకుని.

"పలికారు," అన్నాడు కార్యదర్శి. "నాలుగో ఇంటాయన పలికాడు. ఆయన ఒక్కడి చిరునామా నేను మార్చలేదు. చనిపోయినట్టు మనమెవరం నిర్ధారించనూ లేదు. ఆక్షేపణ ఉంది. వీధి ఉంటుంది. రేపటి నుంచి మట్టి తీయించాలి."

ఛైర్మన్ మట్టి సంగతి మరిచి కారు దిగాడు. "నీకు మతి పోయిందా? ఎవరికి వినపడింది?"

"పిలిచింది నేను. నాకు వినపడింది."

వేరెవరైనా ఆ మాటంటే నవ్వేసేవాళ్లు. అన్నది రూళ్లకర్ర. ఛైర్మన్ ఇంజనీరు మొహం చూశాడు, ఇంజనీరు గొడుగు చూసుకున్నాడు.

దారిలో అక్క కళ్లు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. "నా కోసం ఎంత అబద్ధం ఆడావురా! పుట్టి బుద్ధెరిగాక ఒక్కటీ ఆడనివాడివి." నిజంగానే వినపడిందని చెబితే ఆవిడ మళ్లీ ఆ తలుపు దగ్గరికే పోతుంది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఇంటికి నడిపించాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టాక, అక్క తనంతట తానే వెళ్లి వీధి తలుపు మూసి గడియ వేసింది. ఇంటిల్లిపాదీ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడ లోపలికి వెళ్లేదాకా కార్యదర్శి కదలకుండా కూర్చున్నాడు. తర్వాత లేచి, చప్పుడు కాకుండా గడియ తీశాడు.