సముద్రం మీదకి నెట్టేసిన తప్పు

సంతకమట సంతకం, ఒక్క సంతకంతో పోతుందట, ఏం పోతుంది, దీవిలోని ఈ షాదీపూర్ ఆఫీసే పోతుంది, తొమ్మిదింటికి ఫెర్రీ టికెట్లు తెరవగానే సర్వర్ మళ్లీ చతికిలబడింది, హైదరాబాద్ నుంచి యుగంధర్ సారు రిపోర్టు తానే రాసి పంపాడు, కారణం దీవిలో నెట్ బాగోలేదట, కింద పేరు మాత్రం ఇక్కడి సర్వర్ చూసే క్యారొలిన్‌ది, పదకొండులోగా సంతకం చేసి పంపమ్మా అని తియ్యగా ఫోను, అది వెళ్తే పనంతా హైదరాబాదుకే, ఇక్కడి అయిదుగురూ ఇంటికే, పక్క కుర్చీలో ప్రసన్న కుమార్ అప్పుడే ఓడిపోయిన మొహం, పెట్టెయ్ దీదీ, ఫాల్తూ గొడవెందుకు, ఇక్కడ నెట్ ఐసా హీ హై కదా, ఎప్పుడూ ఇంతే కదా, ఏం ఐసా, నీ మొహం ఐసా, నిన్న మధ్యాహ్నం తను అదే ప్రోగ్రామును హైదరాబాద్ మిషన్‌లో పెట్టి అంత రద్దీనీ దాని మీదకి తోలితే అదీ కూలబడింది, అక్కడ సముద్రమేది, దాని కింద కేబులేది, వచ్చిన ప్రతి టికెట్‌కీ ఈ మహాతల్లి సర్వర్ బ్యాంకు సైటు పేరు చెప్పి దాని అడ్రసు ఎక్కడా అని అడుగుతోంది, నిమిషానికి అయిదు వేల సార్లు అదే పేరు, అదే ప్రశ్న, అడ్రసులు చెప్పే మిషన్ ఉక్కిరిబిక్కిరై నోరు మూసుకుంటే జనమంతా తెల్ల తెర చూస్తూ కూచోవాలి, బాంబూఫ్లాట్‌లో ఉండే మామ్మ కూడా బతు బస్తీలో కూతురిల్లు ఎక్కడని రోజూ అడగదు, ఒకసారి విని గుర్తుపెట్టుకుంటుంది, ఇల్లు మారితే మళ్లీ అడుగుతుంది, ఈ పాటి బుద్ధి నేర్పడానికి పది లైన్లు చాలు, నేర్పాక ఆ హైదరాబాద్ మిషన్ చెక్కు చెదరలేదు, అసలు సర్వర్‌లో పెట్టడమే మిగిలింది, మొదట్లో ఆ లైన్లు రాయనిది ఎవరయ్యా అంటే యుగంధర్ సారే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయనకు మా సముద్రం దొరికింది.

మళ్లీ ఫోను, ఏమ్మా పంపావా, నహీ సార్, పంపను, తప్పు నెట్‌ది కాదు, మన కోడ్‌ది, అదేంటమ్మా, మీ దీవుల్లో నెట్ ఇంతేనని నాకు చెప్పింది నువ్వే కదా.

ఒళ్లు మండింది, మండి ఆగిపోయింది, అవును, రెండేళ్ల కిందట చేరిన మొదటి వారంలో సర్వర్ మొదటిసారి పడినప్పుడు, ఏమైందో తెరిచి చూడకుండానే, సారీ సార్, మా దగ్గర ఇంతే అని నవ్వింది, షిప్పు లేటైనా ఇంతే, మందులు రాకపోయినా ఇంతే, పుట్టిన దగ్గర్నుంచీ నోటికి అదే మాట, రిపోర్టులో ఆయన రాసిన కారణం మొత్తం కొట్టేసింది, తప్పు మన ప్రోగ్రాముది, రెండేళ్లుగా చూడకుండా నెట్‌ని తిట్టింది నేను, సరిచేసిన పది లైన్లు ఇవిగో అని రాసి సంతకం పెట్టింది, ప్రసన్న కుమార్ దీదీ దీదీ అంటూనే ఉన్నాడు, పంపేసింది, ఉద్యోగంలోంచి తీసేస్తే తీసెయ్యనీ, ఆ మొదటి రోజు యుగంధర్ సారు ఎవరినీ నిందించలేదు, ఏమైందని అడగను కూడా లేదు, ఆయన నోరు తెరవకముందే తన ఊరిని తప్పుబట్టింది తనే.