పడినప్పుడు వినబడేవి

స్కాను మిషనులో పడుకున్నంతసేపూ కొండదేవతకు నేను మొక్కింది ఒక్కటే. నా తలలో ఏదో ఒక మచ్చ కనబడాలి. ఇలాంటి మొక్కు ఎవరూ మొక్కరని తెలుసు. కానీ మచ్చ లేకపోతే మా అత్త అన్నదే నిజమైపోతుంది, నావి నాటకాలని.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఆశ్రమ పాఠశాలలో మొదటిసారి పడ్డాను. ఫిట్స్ పిల్లను హాస్టల్లో ఉంచుకోలేమని మా ఊరు పెదబయలు పంపేశారు. చదువు అక్కడితో సరి. పెళ్లయ్యాక రెండేళ్లు బాగానే ఉన్నాను. కూతురు సోని పుట్టిన మూడో నెలలో మళ్లీ మొదలైంది. ఒకసారి కాఫీ గింజలు ఆరబోసిన చోట, సోనిని చంకనెత్తుకునే పడ్డాను. దాని మోచెయ్యి గీసుకుపోయింది. ఆ రోజు నుంచి మా అత్త దాన్ని నాకివ్వడం మానేసింది. పాలిచ్చేటప్పుడు కూడా దాని కాళ్లు పట్టుకుని పక్కనే కూర్చునేది. తాగడం అవ్వగానే తీసేసుకునేది. మా దగ్గరి ఆసుపత్రిలో మూర్ఛ మాత్రలు పెంచిన కొద్దీ మత్తు పెరిగింది గానీ పడడం తగ్గలేదు. చివరికి విశాఖపట్నం ఆసుపత్రికి రాసిచ్చారు.

స్కానులో మచ్చ లేదు. డాక్టర్ రాజకుమారి గారు ఫిల్మును వెలుతురుకు పట్టి చూపిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మా అత్త నా మొగుడు బుధు వైపు చూసింది. సూసినావా అన్నట్టుగా. ఫిల్ము ఒక్కటే చూసి తేల్చలేమని, మూర్ఛ ఉన్నా కొందరికి శుభ్రంగానే కనబడుతుందని, నేను పడుతుండగా మెదడు గీతలు చూడాలని డాక్టరమ్మ చెప్పారు.

తలనిండా తీగలు అతికించి, ఎదురుగా కెమెరా పెట్టి, మంచం మీద ఉంచారు. రెండో రోజు పొద్దున మా అత్త సోనికి చోడి అంబలి పడుతుండగా నాకు గొంతు బిగిసింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. అత్త అలవాటు చొప్పున తాళాలగుత్తి తెచ్చి నా గుప్పిట్లో కుక్కింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి నా మంచం మీదే కూర్చున్నారు. వీడియోలో కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నావన్నారు.

"పడినప్పుడు నీకేమైనా తెలుస్తుందా తల్లీ?"

ఎవరడిగినా తెలీదనే చెప్పేదాన్ని. తెలుస్తుందంటే ఇంకేముంది, నాటకమే అంటారు. ఆవిడ అడిగిన తీరుకు అబద్ధం రాలేదు.

"అన్నీ ఇనబడతాయమ్మా. గుంట ఏడుపు ఇనబడతాది. సెయ్యి సాపుదామనుకుంటాను. రాదు."

బుధు తల దించుకున్నాడు.

ఇది మూర్ఛ కాదని డాక్టరమ్మ చెప్పారు. మూర్ఛ అయితే ఆ సమయంలో కళ్లు మామూలుగా తెరుచుకునే ఉంటాయట, గీతలు చెలరేగిపోతాయట, నా గీతలు మామూలుగానే ఉన్నాయట. మనసుకు తగిలిన భయం కొందరికి ఒంట్లోంచి ఇలా బయటపడుతుందట. మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తామని, వారం వారం వచ్చి మాట్లాడాలని అన్నారు. తర్వాత మా అత్త వైపు తిరిగారు.

"ఈ అమ్మాయి నటించడం లేదు. ఆపాలనుకున్నా ఆపడం తన వల్ల కాదు."

"మరి గుంటనియ్యొచ్చా?" అని అడిగింది అత్త.

పడే ముందు గొంతు బిగుస్తుంది కాబట్టి, కింద కూర్చోబెట్టి, దగ్గర్లో ఒక మనిషి ఉంటే ఇవ్వొచ్చన్నారు. ఎత్తుకుని నడవడం మాత్రం ఇప్పుడే వద్దన్నారు.

తీగలు తీసేశాక వరండాలోకి వచ్చాం. అత్త నా పక్కకు వచ్చి నిలబడింది.

"నువ్వు పడినప్పుడు నానన్నవన్నీ ఇనబడినాయేటి?"

"ఇనబడినాయత్తా."

"మీ అమ్మనన్నదీ?"

"అదీ ఇనబడింది."

"ముందే సెప్తే నోరు మూసుకుందును గదే" అంది అత్త. గొంతులో కోపం లేదు.

భుజం మీది తువ్వాలు తీసి గోడ వారన పరిచింది. కూర్చోమంది. సోనిని నా ఒళ్లో పెట్టి, బుధును అక్కడే ఉండమని, తను టీ తాగొస్తానని మెట్ల దాకా వెళ్లింది. ఒకసారి వెనక్కి వచ్చి చూసింది. సోని నా మెడలో పూసలు పట్టుకుని లాగుతోంది. అత్త ఈసారి మెట్లు దిగి వెళ్లింది.