నేను ఆగ

రొట్టె కాలుస్తూ ప్రమీల మొగుణ్ణి తిడుతోంది. రఘుపతి ఆమెకు బారెడు దూరంలో, వీపు ఇటు పెట్టి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "జరమొచ్చి పండుకుంటే ఎట్లున్నదని అడిగినవా? కూరేందని అడిగినవ్," అంటూ ఆమె రొట్టె తిప్పింది. ఆయన చాయ్ ఊదుకున్నాడు.

సూరత్‌లోని పాండేసరలో సాంచాల, అంటే మరమగ్గాల మధ్య ఏళ్ల తరబడి నిలబడి రఘుపతి చెవులు పోయాయి. ఎదుటికి వచ్చి గట్టిగా చెబితే తప్ప మాట అందదు. మొదట్లో ప్రమీల ఏడ్చింది. తర్వాత ఒకనాడు ఆయన వీపు వెనకాల ఒక మాట జారింది. ఆయన తిరగలేదు. ఆమెకు ముందు భయమేసింది, ఆ వెంటనే గుండె తేలికైంది. అప్పటి నుంచి కడుపులో ఉన్నదంతా ఆ వీపుకే చెప్పుకుంటోంది. పొద్దంతా వంగి చీరలకు రాళ్లు అతికించి నడుం పట్టుకుంటే "కూసున్న పనే గద, అలుపేందే?" అన్న అత్త మాట. కుట్టు కార్ఖానాలో పనికి పోతానంటే "ఆడ మొగోళ్లుంటరు, ఇంట్లనే ఉండు" అన్న ఆయన మాట. మళ్లీ ఆయనే నలుగురిలో "మా ఆమె ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అని నవ్వుతూ చెప్పిన మాట. అన్నింటికీ ఆమె జవాబు ఇచ్చుకుంది. ఒక్కటీ ఆయన చెవిన పడలేదు.

కూతురి చెవిన పడ్డాయి.

సంధ్యారాణి పగలు చీరల మార్కెట్‌లో లెక్కలు రాస్తుంది. సెలవు దొరికితే ఒక గుజరాతీ పిల్లవాడితో, ఒక ఒడియా పిల్లవాడితో కలిసి పాటలు కడుతుంది. వాళ్ల బ్యాండు పేరు రాత్‌పాళీ, అంటే నైట్ డ్యూటీ. గిటార్లను రంపంలా కోయిస్తూ, దాని కింద షెడ్డులో రికార్డు చేసిన మగ్గాల మోతను దరువుగా వేస్తారు. దాన్ని ఇండస్ట్రియల్ మెటల్ అంటారని సంధ్య చెబితే ప్రమీల, "సప్పుడు పైసలిచ్చి ఇంటరా ఎవరన్న?" అని నవ్వింది. వాళ్ల మొదటి ఆల్బమ్ 'సాంచా' వచ్చిన ఆదివారం, సంధ్య ఇయర్‌ఫోను తల్లి చెవిలో పెట్టింది. రంగుల మిల్లు విషం మీద ఒక పాట, పని అడ్డాలో మనుషుల్ని ఏరుకునే తీరు మీద ఒకటి, ఓట్లప్పుడు మాత్రమే బస్తీకి వచ్చేవాళ్ల మీద ఒకటి. ఆఖరిది మొదలవగానే ప్రమీల చేతిలోని చీర కింద పెట్టేసింది.

అది తన గొంతు. "కరెంటు పోతే నీ సాంచా గూడ ఆగుతది. నేను ఆగ. జరంతోని పెయ్యి కాలినా ఆగ. నువ్వు నన్ను జూడకున్నా ఆగ." వెనక మగ్గాలు పిడుగుల్లా పడుతున్నాయి. ఆ తర్వాత సంధ్య అరుపు: ఆగ, ఆగ, ఆగ.

ప్రమీలకు నడిబజారులో కొంగు జారినట్టయింది. "ఎప్పుడు పట్టినవే గిది?"

"నువ్వు రొట్టెలు జేస్తున్నప్పుడు. ఫోను గూట్ల పెట్టిన."

"నన్నడిగినవా?"

"అడిగితే ఇస్తుంటివా, మమ్మీ?"

ఇవ్వకపోయేది. అది నిజం. అయినా తల్లి మాటను అడక్కుండా ఎత్తుకుపోయిన పిల్లను ఆమె ఆ రోజు భోజనానికి పిలవలేదు.

ఆల్బమ్‌ను నలుగురూ నాలుగు రకాలుగా విన్నారు. పూణె, బరోడా కాలేజీ పిల్లలు ఎగబడి విన్నారు. ఇది సంగీతమా, మిల్లు గోడకు చెవి పెట్టినట్టుంది అని ఒకడు రాశాడు. అదే మాటను ఇంకొకడు మెచ్చుకుంటూ రాశాడు. సూరత్ అన్నం తిని సూరత్‌ను తిడతారా, ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికే పొండి అని చాలామంది రాశారు. ఆఖరి పాటలోని ఆడ గొంతు ఎవరిదని అందరూ అడిగారు. సంధ్య ఎవరికీ చెప్పలేదు.

బస్తీలో మాత్రం ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. మార్కండేయ మందిరంలో పూజకు పోయిన రోజు ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. "ప్రమీలా, ఆ పాటల గొంతు నీదేనంట గద?" అని ఒకామె అంటే మిగతావాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"నాదెందుకైతది?" అంది ప్రమీల. "ఎవలతోనో అనిపిచ్చిర్రు. నా మొగనికి నేనేం తక్వ జేసిన, గట్లనడానికి?"

వెనక్కి తిరిగితే ప్రసాదం గిన్నె పట్టుకుని సంధ్య నిలబడి ఉంది. పిల్ల గిన్నె కింద పెట్టి వెళ్లిపోయింది. ఇంటిదారి పొడుగునా ప్రమీల తల ఎత్తలేదు. పాట విన్ననాడు కలిగిన సిగ్గు వేరు, ఈ సిగ్గు వేరు. అది పైనుంచి పడింది, ఇది లోపలి నుంచి వచ్చింది. పక్కింటి సారక్క ఆమె వెంటే నడుస్తోంది. మొగుడు పోయి చాలా కాలమైన మనిషి. గడప దగ్గర ఆగి మెల్లగా అంది: "నీ గొంతు నాకు తెల్వదా, ప్రమీలా? నువ్వు వీపెన్కనన్న అన్నవ్. నేను గోడతోని గూడ అనలే."

ఆ వారమే గొడవ మొదలైంది. పూణెలో కచేరీకి వచ్చినవాళ్లు పిడికిళ్లెత్తి "ఆగ్! ఆగ్!" అని అరిచిన వీడియో ఊరంతా తిరిగింది. తెలుగు రాని జనం 'ఆగ'ను హిందీ 'ఆగ్', అంటే నిప్పు అనుకున్నారు. మిల్లులు తగలబెట్టమని పాట కట్టారని ఎవరో రాశారు, ఇంకెవరో పోలీసులకు చెబుతామన్నారు. రఘుపతి పనిచేసే షెడ్డు సేఠ్ ఆయన్నీ, తల్లీకూతుళ్లనూ మధ్యాహ్నం ఆఫీసుకు రమ్మన్నాడు.

ఏసీ గదిలో సేఠ్ ఫోను బల్ల మీద పెట్టి పాట వేశాడు. రఘుపతి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన పెళ్లాం గొంతు గది నిండా మోగుతుంటే, ఏమీ వినబడని ఆయన సేఠ్ ముఖం వైపే చూస్తున్నాడు.

"నా షెడ్డుకు నిప్పు పెట్టమంటున్నారా?" అన్నాడు సేఠ్ హిందీలో.

"అది నిప్పు కాదు, సేఠ్‌జీ. తెలుగు మాట. ఆగను అని," అంది సంధ్య.

"అని నువ్వంటున్నావ్. అన్నది ఎవరు? వాళ్లను చెప్పమను."

సంధ్య పెదవి కొరుక్కుంది. తల్లి వైపు చూడలేదు. చూసి ఉంటే ప్రమీల బహుశా నోరు మూసుకునేదే. పిల్ల తనను ఇప్పుడు కూడా దాస్తోందని అర్థమై ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మేరీ ఆవాజ్ హై," అంది ప్రమీల. ఆ తర్వాత వచ్చీరాని హిందీలో ఒక్కో మాటా విప్పి చెప్పింది. రొట్టెలు, జ్వరం, కరెంటు, ఆయన చూడకపోవడం. పరాయి మగవాడి ముందు తన కాపురం పరుస్తుంటే చెవులు కాలిపోయాయి. కానీ ఆపలేదు.

సేఠ్ కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు. "అరే, ఇంతేనా? మొగుడూ పెళ్లాల మాటలు! నేనింకా రాజకీయం అనుకున్నా. పోండి, పోండి."

ఆయన నవ్వడం చూసి రఘుపతి కూడా నవ్వాడు. దేనికో తెలియకుండానే, దండం పెడుతూ నవ్వాడు.

ప్రమీల ఆ రెండు నవ్వులనూ చూసింది. నిప్పు అనుకున్నప్పుడు ఆ మాటకు ఏసీ గదిలో మనిషికి చెమట పట్టింది. అది ఆడదాని మాట అని తెలిశాక నవ్వొచ్చింది. ఇక ఆమెకు తన మాట మీద సిగ్గు లేదు. ఇన్నేళ్లూ దాన్ని ఒక వీపుకు చెప్పినందుకే సిగ్గు.

బయటికొచ్చాక సంధ్య మెల్లగా అంది, "ఆ పాట తీసేస్త, మమ్మీ."

"ఉండనియ్. పేరు పెట్టు. గొంతు ప్రమీలదని రాయి."

షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపల మగ్గాల హోరు. ఆ హోరులో ఇద్దరు పనివాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూస్తూ తాపీగా మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఇక్కడ ఎవరూ చెవులతో వినరు. రఘుపతి వాళ్లకు చెయ్యి ఊపాడు. ఒకడి పెదవులాడాయి. రఘుపతి చటుక్కున అర్థం చేసుకుని తల ఊపాడు.

ప్రమీల అది చూస్తూ నిలబడిపోయింది.

"సేఠ్ ఎందుకు నవ్విండే?" అన్నాడు ఆయన ఇటు తిరిగి. జవాబు కోసం ఆగకుండానే, అలవాటుగా ముఖం పక్కకు తిప్పి నడవబోయాడు.

ఆమె అడ్డం వచ్చి నిలబడింది. నలుగురూ చూస్తుండగానే ఆయన గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"నా మూతి జూడు," అంది. "మొదటి సంది జెప్త."