బెంచీల మీది పేర్లు

"పిల్లలే లేని బడిలో నీకేం పనే?" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండానే. ప్రతి వేసవిలోనూ వినే మాటే. నేనూ ఎప్పటిలాగే చెప్పులేసుకుని, వీధి మలుపు దాకా వెళ్ళి, స్టవ్ కట్టేశానో లేదోనని వెనక్కి వచ్చాను. కట్టేసే ఉంది.

"నేను ఇంట్లోనే ఉన్నాగా. పేలితే ముందు నాకే తెలుస్తుందిలే" అన్నారు.

ఇంట్లో ఉండటం వేరు, ఇల్లు చూసుకోవడం వేరు. ఈ మాట పెళ్ళయిన దగ్గర్నుంచీ నా నోటి దాకా వచ్చి ఆగిపోతూనే ఉంది.

సిస్టర్లు నడిపే హైస్కూల్లో నేను ఆయాని. ఏడాదంతా గదులు ఊడుస్తాను, గంట కొడతాను. వేసవి సెలవుల్లో బెంచీల పని. కంపాస్ ముల్లుతో పిల్లలు చెక్కుకున్న పేర్లను గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ పూసి, కొత్తగా చేరేవాళ్ళ కోసం సిద్ధం చేయాలి. ప్రార్థన గదిలో మరియమ్మ విగ్రహం తుడవడం కూడా నా పనే. ఆవిడా నాలాగే, కూర్చోమనేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి నిలబడే ఉంది. సెలవుల్లో జీతం ఉండదు. ఆ రోజుల్లో చేసే పనికి సేవ అని పేరు.

నన్ను బడికి పంపినవాళ్ళు లేరు. నాకు అక్షరాలు వచ్చింది ఈ బెంచీల మీదే. ఏ బెంచీ ఎవరిదో తెలుసు కనక, రుద్దేముందు ఒక్కో గీత మీదా వేలు పెట్టి ఆ పేరుతో పోల్చుకునేదాన్ని. తర్వాత లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తూ, వేస్తూ, లోపలి పేజీల్లోకి జారిపోయాను. కానీ బెంచీ మీద చదివిన ప్రతి పేరునూ నా చేత్తోనే చెరిపెయ్యాలి. పదో తరగతి పిల్లలు "మళ్ళీ వస్తాం ఆయమ్మా" అని వెళ్తారు. రారు. బదిలీ అయిన సిస్టర్లు కూడా వేసవిలోనే వెళ్తారు. గేటు తీసేది నేనే. గేటు దాటాక వెనక్కి తిరిగి చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు. నేను మాత్రం జీపు లేపిన దుమ్ము అణిగేదాకా నిలబడి, గేటు మూసి, లోపలికి వస్తాను.

ఈసారి బదిలీ పెద్ద సిస్టర్‌ది. నేను పని చేస్తున్న గదిలోకి వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నారు.

"వార్నిష్ తడి ఆరలేదు సిస్టర్. అంటుకుంటుంది."

"అంటుకోనీ. ఈ బడి గుర్తు ఏదో ఒకటి పట్టుకెళ్ళాలిగా." నా చేతిలోని బ్రష్ తీసి వార్నిష్ డబ్బా మీద పెట్టారు. "నేను వెళ్ళే చోట హాస్టల్ లైబ్రరీకి మనిషి కావాలి ఆయమ్మా. ఉండటానికి గది ఇస్తారు. రేపు పొద్దున జీపు వస్తుంది. వస్తావా?"

"సేవా, జీతమా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సిస్టర్ నవ్వలేదు. "జీతమే. సెలవుల్లో కూడా."

సాయంత్రం ఇంట్లో చెప్పాను.

"వీధి మలుపు దాటాలంటేనే కంగారు నీకు. ఊరు దాటుతావా?" అని నవ్వారు ఆయన. నేను నవ్వకపోయేసరికి, "మరి నా టీ?" అన్నారు. ఇంకాసేపటికి, "బీపీ మాత్రలు ఎక్కడ పెట్టావు?" అన్నారు.

మాత్రలు చూపించాను. టీపొడి, పంచదార డబ్బాలు చూపించాను. చూపిస్తున్నంతసేపూ లోపల ఒకటే భయం. ఈయన బాత్రూంలో జారి పడితే? వాన వస్తే కిటికీలు ఎవరు వేస్తారు? అక్కడ నాకు జ్వరం వస్తే మంచినీళ్ళు ఎవరిస్తారు? ఇక్కడైనా ఎవరిచ్చారు కనక? అయినా ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకునే ఉన్నాను. ఉండిపో అంటే ఉండిపోయేదాన్నే. స్టవ్ వెలిగించడం ఎలాగో రెండోసారి అడిగారు గానీ ఆ మాట అనలేదు.

పొద్దున్నే ఆయనకు టీ పెట్టిచ్చి, సంచి భుజాన వేసుకుని బయల్దేరాను. వీధి మలుపు దగ్గర కాళ్ళు అలవాటుగా ఆగాయి. స్టవ్ కట్టేశానా?

ఆయన ఇంట్లోనే ఉన్నారుగా. చూసుకుంటారు.